కుక్క ఎదురైతే ఏం చేయాలో పిల్లలతో చేయించి చూడండి

"కుక్కను చూసి పరుగెత్తకు" అని ఎన్నిసార్లు చెప్పినా, భయపడ్డ పిల్లలకు ఆ మాట గుర్తుండదు. ఒంటికి అలవాటైందే ఆ క్షణంలో పనికొస్తుంది. అందుకే ఇంట్లో ఆటలా చేయించాలి. మీరు కుక్కలా మీదికి రండి. పాప ఉన్నచోటే ఆగి, చేతులు పొట్ట ముందు కట్టుకుని, తన పాదాల వంక చూస్తూ మనసులో 30 లెక్కపెట్టాలి. కేకలు వేయకూడదు, చేతులు పైకెత్తకూడదు. చేతిలో బిస్కెట్ ఉంటే కింద పడేయాలి. కదలని మనిషిని కుక్కలు చాలావరకు వాసన చూసి వదిలేస్తాయి. అది కాస్త దూరం జరిగాక వీపు చూపకుండా, మెల్లగా పక్కకు అడుగులు వేస్తూ తప్పుకోవాలి. కింద పడిపోతే బోర్లా ముడుచుకుని, వేళ్లు మెడ వెనక పెనవేసి, చేతులతో చెవులు కప్పుకోవాలి. చిన్నపిల్లల ముఖం కుక్క నోటికి అందే ఎత్తులో ఉంటుంది కాబట్టి కాటు తలమీద, మెడమీద పడే ప్రమాదం ఎక్కువ. ఇలా ముడుచుకోవడం కూడా నేలమీద పడుకోబెట్టి చేయించండి.

తింటున్న, నిద్రపోతున్న, పిల్లల తల్లి అయిన కుక్క దగ్గరికి అసలు వెళ్లకూడదు. మన వీధి కుక్కలు ఎక్కువగా చలికాలంలో ఈనుతాయి. ఆ రోజుల్లో బుజ్జి కుక్కపిల్లల్ని ఎత్తుకోవాలని పిల్లలకు చేయి ఊరుకోదు. తల్లి కనబడకపోయినా దగ్గర్లోనే ఉంటుందని చెప్పండి. రాళ్లు వేయడం మాత్రం మొదటిసారే గట్టిగా ఆపాలి. దెబ్బ తిన్న కుక్క ఆ తర్వాత ఏ పిల్లాడు చేయెత్తినా బెదురుతుంది.

పెంపుడు కుక్కయితే ముందు యజమానిని అడగాలి, తర్వాత కుక్కను అడగాలి. అంటే పక్కకు తిరిగి నిలబడి, చేయి కిందికి వదిలి, అది తనంతట తాను వచ్చేదాకా ఆగడం. వస్తే తలమీద కాకుండా భుజం మీదో ఛాతీ మీదో మూడు లెక్కపెట్టేంతసేపు నిమిరి చేయి తీసేయాలి. మళ్లీ ఒరుసుకుంటే దానికి ఇష్టమే. మొహం తిప్పుకున్నా, పెదవులు నాక్కున్నా, ఒళ్లు బిగబట్టినా, కంటి తెల్లగుడ్డు కనబడేలా ఓరగా చూసినా "ఇక చాలు" అంటోందన్నమాట. మెడ చుట్టూ చేతులేసి కావలించుకోవడం చాలా కుక్కలకు గిట్టదు, అది మన ఇంటి కుక్కే అయినా సరే. గుర్రుమన్నందుకు దాన్ని కొట్టకండి. హెచ్చరించడం మానేసిన కుక్క నేరుగా కరుస్తుంది.

కుక్క కరిచినా, దాని పన్ను గీరుకున్నా సరే, ఆ చోటును సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం పెట్టొద్దు. అదే రోజు ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లండి. బొడ్డు చుట్టూ సూదులు వేసే కాలం పోయింది. రేబిస్ టీకా ఇప్పుడు చేతులకే, మొదటి రోజును సున్నాగా లెక్కేసి 0, 3, 7, 28 రోజుల్లో వేస్తారు. రక్తం వచ్చిన గాయమైతే గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ (రేబిస్‌ను వెంటనే అడ్డుకునే మందు) కూడా ఇవ్వాలి, అడిగి వేయించండి. చెవి చివర కత్తిరించిన వీధి కుక్కంటే పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్‌తో పాటు రేబిస్ టీకా పడిన కుక్కే. అయినా కరిస్తే మన టీకా మనం వేయించుకోవాల్సిందే. తిడతారన్న భయంతో పిల్లలు పంటి గాట్లను దాచేస్తారు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక ప్రాణం దక్కడం దాదాపు అసాధ్యం. అందుకే, "కుక్క నిన్ను తాకిందంటే తిట్టను, వెంటనే వచ్చి చెప్పు" అని ఈరోజే చెప్పండి.