కామెర్ల నెలలో ఎలుకల బోను

మొదట కాఫీ వాసన పడలేదు. అజీర్తి అనుకున్నాను. మూడోనాడు అద్దంలో కళ్ళు చూసుకుని రక్తపరీక్షకు వెళితే, కామెర్లలో కళ్ళను పచ్చబరిచే బైలిరుబిన్ 9.8. మామూలుగా 1.2 దాటకూడదు. హెపటైటిస్-ఎ, నీళ్ళ వల్లో తిండి వల్లో వచ్చి ఉంటుందన్నారు డాక్టరు. దీనికి ప్రత్యేకంగా మందు లేదట, విశ్రాంతి తీసుకుంటే కాలేయం తనంతట తానే కోలుకుంటుందట.

మరునాటికే ఊరి నుంచి అక్క దిగింది. నూనె మాన్పించింది. తింటే పచ్చదనం ముదురుతుందని పసుపు డబ్బా కూడా దాచేసింది. వాంతి కానిది ఏదైనా తినవచ్చన్న డాక్టరు మాట మా వంటింట్లో చెల్లలేదు. ఒక బంధువు పంపిన పసరు మందును మాత్రం ఇద్దరం కలిసే తప్పించుకున్నాం.

పుస్తకం పట్టుకుంటే రెండు పేజీలకే నీరసం. కొత్త సినిమా పెడితే షాట్లు మారే వేగానికి కడుపులో తిప్పేది. నెమ్మది సినిమాల దగ్గరకు నన్ను చేర్చింది అభిరుచి కాదు, వికారం! మొదట జపాన్ దర్శకుడు ఓజు తీసిన ‘టోక్యో స్టోరీ’ (1953). చాప మీద కూర్చున్న మనిషి కంటి ఎత్తులో కెమెరా పెట్టి, దాన్ని దాదాపు కదపడు ఆయన. పడుకుని చూసేవాడికి అంతకన్నా ఏం కావాలి? తర్వాత బి. నర్సింగరావు ‘దాసి’ (1988). ఐదు జాతీయ అవార్డులు పొందిన తెలుగు సినిమాను ఇన్నేళ్ళూ పేరు వినడంతోనే సరిపెట్టుకున్నాను. గడీలో దాసిగా నటించిన అర్చన మౌనంగా తిరుగుతుంటే మధ్యలో కునుకు పట్టింది. సిగ్గుపడి, వెనక్కి తిప్పి మళ్ళీ చూశాను.

మూడోది మలయాళ దర్శకుడు అడూర్ గోపాలకృష్ణన్ ‘ఎలిప్పత్తాయం’ (1981). ఆ మాటకు ఎలుకల బోను అని అర్థం. కేరళలో చితికిపోతున్న పాత నాయర్ భూస్వాముల ఇల్లు, అందులో ఉన్ని అనే పెద్దమనిషి. పడక్కుర్చీ వదలడు. పెరట్లోకి ఆవు వచ్చినా తోలడు, “రాజమ్మా!” అని చెల్లెల్ని కేకేస్తాడు. ముస్తాబై బయలుదేరినవాడు దారిలో బురదనీళ్ళు కనబడగానే వెనుదిరుగుతాడు. నేను పగలబడి నవ్వాను.

“ఏమిట్రా అంత నవ్వు?” అంటూ అక్క వచ్చి మంచం అంచున కూర్చుంది. కింద పడే ఇంగ్లీషు మాటలను తెలుగులో చెబుతూ పోయాను. కాసేపటికి చెల్లెలు రాజమ్మే జబ్బు పడింది. అప్పుడు కూడా అన్న కాళ్ళు కదలలేదు.

“ఆ పిల్లను పట్టించుకునేవాళ్ళే లేరా?” అంది అక్క.

నాకు దాహం వేస్తోంది. “అక్కా” అన్న పిలుపు నాలుక చివరిదాకా వచ్చింది. నీళ్ళ చెంబు చేతికందే దూరంలోనే ఉంది. ఫ్యానుకు, కిటికీకి, ఛార్జరుకు ఆ పూట ఎన్నిసార్లు పిలిచానో గుర్తొచ్చింది. అందులో కామెర్ల వాటా ఎంతో! మాట్లాడకుండా లేచి నీళ్ళు వంచుకున్నాను. మర్నాడు గోడ పట్టుకుని వంటింటిదాకా నడిచి చీవాట్లు తిన్నాను.

నాలుగో వారానికి బైలిరుబిన్ 1.4కు దిగింది. మెట్లెక్కితే ఆయాసం ఇంకో నెల వదలలేదు. అక్క ఊరెళ్ళిన వారానికి ఫోను చేసింది. నా ఒళ్ళు ఎలా ఉందో అడిగాక కాస్త గొంతు తగ్గించింది.

“ఆ ఎలుకల బోను సినిమా మీ బావకు చూపించాలిరా. మా టీవీలో ఎలా పెట్టాలో చెప్పు.”