చేట దించని చిన్నమ్మ, వెయ్యి రూపాయల పింఛను

మా చిన్నమ్మకు మొన్న 58 ఏళ్లు నిండాయి. కామారెడ్డి జిల్లాలోని మా ఊళ్లో చాలామంది ఆడవాళ్లలాగే ఆమె కూడా పెళ్లయిన కొత్తలో బీడీల చేటను ఒళ్లోకి తీసుకుంది. పీఎఫ్ పింఛను ఎంత వస్తుందో చూడమని కాగితాలు నా చేతికిచ్చిన రోజున, లెక్క కట్టి చెప్పడానికి నాకే నోరు రాలేదు.

ఇంట్లో కూర్చుని బీడీలు చుట్టేవాళ్లకూ పీఎఫ్ చట్టం వర్తిస్తుందని సుప్రీంకోర్టు 1985లోనే తేల్చింది. అయినా పని పంచే టేకేదారు (కాంట్రాక్టరు) పీఎఫ్‌లో చిన్నమ్మ పేరు ఎక్కించడంలో ఏళ్ల తరబడి జాప్యం చేయడంతో, 35 ఏళ్లకు పైబడిన ఆమె కష్టంలో కాగితం మీదికి వచ్చింది 20 ఏళ్లే. 1995 నాటి పింఛను పథకం ప్రకారం చివరి 60 నెలల సగటు వేతనాన్ని సర్వీసు ఏళ్లతో గుణించి 70తో భాగిస్తారు. 20 ఏళ్లు పూర్తయినవారికి మరో రెండేళ్లు కలుపుతారు. కార్ఖానా నెలకు పది పన్నెండు రోజులకు మించి ఆకు, తంబాకు ఇవ్వనందువల్ల ఆమె సగటు వేతనం రూ.3,000 దాటలేదు. మూడు వేలను 22తో గుణించి 70తో భాగిస్తే రూ.943 వస్తుంది. కనీస పింఛను రూ.1,000 అని 2014లో నిర్ణయించారు గనుక మిగతా 57 రూపాయలు ప్రభుత్వ దయ. తెలంగాణ ప్రభుత్వం బీడీ కార్మికులకిచ్చే జీవనభృతే రూ.2,016 అయినప్పుడు, సొంత కష్టంతో సంపాదించుకున్న పింఛను అందులో సగం కూడా లేకపోవడం నాకు ఎంత ఆలోచించినా మింగుడుపడదు.

పీఎఫ్ సొమ్ము ఆదుకుంటుందనుకుంటే అక్కడా అంతే. చాలా పరిశ్రమల్లో యజమాని వాటా 12 శాతం కాగా, బీడీ పరిశ్రమకు 10 శాతమే. అందులోనూ 8.33 శాతం పింఛను ఖాతాకు పోగా, పీఎఫ్‌లో పడేది 1.67 శాతం. ఉన్న కాస్తా కూతురి పెళ్లికి ఎప్పుడో తీసేశారు.

పింఛనుదారు బతికే ఉన్నారని చూపే లైఫ్ సర్టిఫికెట్ కోసం మీసేవకు వెళ్తే అదొక తంటా అయింది. కత్తెర పట్టి, ఆకు మడిచి, దారం చుట్టి అరిగిపోయిన వేళ్లను యంత్రం గుర్తుపట్టలేదు. కొబ్బరినూనె రాసి, తుడిచి, పది వేళ్లూ ఒకటి తర్వాత ఒకటి పెట్టించినా ఫలితం లేకపోయింది. చివరికి ఫోనులో ముఖం చూపించి పని కానిచ్చాము. (ఈ సౌకర్యం ఉందని ముందే తెలిసి ఉంటే ఆమెకు ఆ పూట పని పోయేది కాదు.)

పింఛను మొదలైనంత మాత్రాన చిన్నమ్మ చేట దించలేదు. ఇప్పుడు కోడలి పేరున ఉన్న కార్ఖానా కార్డు మీద చుడుతోంది. కార్ఖానా ఇచ్చిన ఆకు వెయ్యి బీడీలకు చాలకపోతే కొరవ ఆకు బయట కొనుక్కోవాలి. పోయిన నెల పింఛనులో కొంత అందుకే ఖర్చయింది.