నాన్నతో హామిల్టన్ ఇంటికి

నాన్న ముప్పై ఏళ్లు సబ్ ట్రెజరీలో చేసి రిటైరయ్యాడు. తెనాలి నుంచి మా జెర్సీ సిటీకి వచ్చి నెలైనా ఏదీ పెద్దగా ఆనలేదు, లిబర్టీ విగ్రహం చూపిస్తే "క్యూ బాగా నడుపుతున్నారు" అన్నాడు, అంతే. ఓ రోజు పది డాలర్ల నోటు అటూ ఇటూ తిప్పి "ఈయన ఎన్నో ప్రెసిడెంటురా?" అన్నాడు. ప్రెసిడెంటు కాదు నాన్నా, వీళ్ల మొదటి ట్రెజరీ సెక్రటరీ, అలెగ్జాండర్ హామిల్టన్ అన్నాను. "మన డిపార్ట్‌మెంటా!" అన్నాడు. శనివారం బయల్దేరాం.

జెర్సీ నుంచి మన్‌హటన్ వెళ్లే పాత్ (PATH) ట్రైన్ దిగి నడిస్తే ట్రినిటీ చర్చి. హామిల్టన్ సమాధి రెక్టర్ స్ట్రీట్ వైపు కంచె పక్కనే ఉంది, తెల్లరాయి. దాని మీద ఆయన సైనికుడిగా చూపిన ధైర్యాన్నీ రాజనీతినీ పొగిడి, పోయినప్పుడు వయసు 47 అని చెక్కారు. కానీ ఓ పాత కాగితం లెక్కన ఆయన పుట్టింది 1757లో కాదు, 1755లో అంటారు, ఆ మాట చెప్పగానే నాన్న నవ్వాడు: "సర్టిఫికెట్ వయసన్నమాట. మన ఆఫీసులో సగం మందిదీ అంతేగా." చర్చికి అటువైపు ఆల్బర్ట్ గాలటిన్ సమాధి కూడా ఉంది. జెనీవా నుంచి వచ్చి ట్రెజరీ సెక్రటరీ అయ్యాడు, హామిల్టన్‌కి రాజకీయంగా బద్ధ వ్యతిరేకి. ఒకే పోస్టు చేసిన ఇద్దరు వలసదారులు ఒకే ఆవరణలో.

ఆయన ఇల్లున్న హార్లెం దాకా ట్రైన్లో కథంతా చెప్పాను. కరీబియన్‌లో నెవిస్ అనే చిన్న దీవిలో పుట్టాడు, తండ్రి వదిలేసి పోయాడు, 1768లో తల్లి పోయింది, సెయింట్ క్రాయ్ అనే ఇంకో దీవిలో ఓ వ్యాపారి దగ్గర గుమాస్తాగా చేరాడు. 1772లో పెద్ద తుఫాను వస్తే దాని గురించి రాసిన ఉత్తరం పేపర్లో పడింది, అది చదివి అక్కడివాళ్లు చందాలేసుకుని చదువుకి అమెరికా పంపారు. చదువు మధ్యలోనే బ్రిటిష్ వాళ్లతో స్వాతంత్ర్య యుద్ధం, 1776లో ఫిరంగి దళానికి కెప్టెన్. తర్వాత నాలుగేళ్లు వాషింగ్టన్ దగ్గర ఉత్తరాలు డ్రాఫ్ట్ చేయడమే పని. "క్యాంపు క్లర్కు" అని నాన్న తేల్చేశాడు. క్లర్కుకి ఆ పని విసుగెత్తింది, యుద్ధంలోకి పంపమని పోరుపెట్టి, 1781 అక్టోబరులో యార్క్‌టౌన్ దగ్గర ఓ రాత్రి తూటాలు నింపని తుపాకులతో, బాయ్‌నెట్లతోనే, బ్రిటిష్ వాళ్ల పదో నంబర్ కోటబురుజు పట్టుకున్నారు ఆయన మనుషులు.

137వ వీధిలో దిగాక ఎత్తు ఎక్కాలి, నాన్న మోకాళ్లకి రెండుసార్లు ఆగాం. ఇల్లు పసుపచ్చగా, చుట్టూ వరండాలతో పార్కు అంచున ఉంది. ప్రవేశం ఫ్రీ. 1802లో కట్టాడు, అప్పట్లో చుట్టూ 32 ఎకరాలు, ఊరికి తొమ్మిది మైళ్ల దూరం, అంటే న్యూజెర్సీలో ఎడిసన్ ఊళ్లో ఇల్లు కొని మన్‌హటన్‌లో ఉద్యోగం చేసే మనవాళ్ల బతుకే. ఇల్లు రెండుసార్లు జరిగింది, 1889లో ఒకసారి, 2008లో ఇంకోసారి పక్క చర్చి వరండా మీదుగా ఎత్తి మరీ ఇక్కడికి తెచ్చారు. "మనూళ్లోనూ జాకీలు పెట్టి లేపుతున్నారుగా" అన్నాడు నాన్న, అయినా కిందికి వంగి పునాది చూశాడు.

నాన్నని నిలబెట్టేసింది మాత్రం అప్పుల సంగతి. యుద్ధం వల్ల రాష్ట్రాలు చేసిన అప్పు సుమారు రెండున్నర కోట్ల డాలర్లు కేంద్రమే నెత్తినేసుకోవాలని 1790లో హామిల్టన్ అడిగాడు. అప్పటికే చాలావరకు తీర్చేసిన వర్జీనియా లాంటివి ఒప్పుకోలేదు, మేం కట్టుకున్నాం, వేరేవాళ్లది కూడా మేమే కట్టాలా అని. చివరికి రాజధాని దక్షిణాదికి దగ్గరగా పొటోమాక్ ఒడ్డున పెట్టేలా బేరం కుదిరింది. "అప్పూ, రాజధానీ! ఇదెక్కడో విన్నట్టుందే" అని నాన్న అంటే అక్కడున్న రేంజర్‌కి అర్థంకాక నా వంక చూశాడు. 2014 కథ ఇంగ్లిష్‌లో ఎలా చెప్పను, నవ్వి ఊరుకున్నా.

సాయంత్రం 42వ వీధి దగ్గర బస్సెక్కి నది అవతల న్యూజెర్సీలోని వీహాకెన్. 1804 జులై 11న ఉపాధ్యక్షుడు ఆరన్ బర్‌తో హామిల్టన్‌ ప్రాణం తీసిన ద్వంద్వ యుద్ధం జరిగింది ఈ కొండ కిందే, అసలు చోటు రైలు పట్టాల కింద పోయింది. పైన హామిల్టన్ తల విగ్రహం, దెబ్బ తగిలాక ఆయన తల వాల్చాడని చెప్పే బండరాయి ఉన్నాయి. మూడేళ్ల ముందు పెద్దకొడుకు ఫిలిప్ కూడా ఇదే జెర్సీ ఒడ్డున ఇలాగే దెబ్బ తిని పోయాడు, రెండుసార్లూ అవే పిస్తోళ్లు. అది చూసినవాడు మళ్లీ పడవెక్కి ఎలా వచ్చాడో నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

"ఇల్లు కట్టి రెండేళ్లేగా. అప్పు ఉందా?" అన్నాడు నాన్న. బోలెడు, స్నేహితులు డబ్బు పోగేసి ఇల్లు ఆయన భార్యకి నిలబెట్టారు, ఏడుగురు పిల్లలు, ఆ తర్వాత ఆవిడ యాభై ఏళ్లు బతికింది అన్నాను. నాన్న చాలాసేపు నది అవతల బిల్డింగుల వైపు చూశాడు.

ఇంటికొచ్చే దారిలో ఉన్నట్టుండి అడిగాడు: "ఒరేయ్, నీ ఇంటి లోనుకి టర్మ్ ఇన్సూరెన్స్ తీసుకున్నావా?"

తీసుకోలేదు. మన స్టాప్ వచ్చింది నాన్నా అన్నాను, ఇంకా రెండు స్టాపులున్నాయి.