0.28 ఎం.ఎల్.

పుట్టి పద్నాలుగు గంటలైన పాప. బరువు 2.8 కిలోలు. పుట్టగానే ఏడవలేదని వేరే ఊరి నుంచి అంబులెన్సులో తెచ్చారు. ఆ రోజు నాది నైట్ డ్యూటీ. వార్మర్ కింద పడుకోబెట్టి కాన్యులా సరిచేస్తుంటే ఎడమ కాలు ఒకే లయలో ఎగిరిపడటం మొదలైంది. పెదాలు చప్పరిస్తోంది, కళ్లు ఒక పక్కకు నిలిచిపోయాయి.

ఆ కాలిని నెమ్మదిగా పట్టుకున్నాను. మామూలు వణుకైతే పట్టుకోగానే ఆగిపోతుంది. ఇది ఆగలేదు. నా చేతి కిందే కొట్టుకుంటూ ఉంది. ఫిట్సే. గోడ గడియారం చూసి టైం రాసుకున్నాను.

షుగర్ బాగానే ఉంది, కాల్షియానికి రక్తం పంపాం. డాక్టరుగారు ఫినోబార్బిటోన్ రాశారు. మేం గార్డినాల్ అంటాం. కిలోకు 20 మిల్లీగ్రాములు చొప్పున ఈ పాపకు 56. మా దగ్గరున్న ఆంప్యూల్‌లో ఎం.ఎల్.కు 200 మిల్లీగ్రాములుంటుంది కాబట్టి 0.28 ఎం.ఎల్. చిన్న సిరంజిలో గీతలు లెక్కపెట్టుకుంటూ తీసి, పక్క సిస్టర్‌కి చూపించాను. ఆవిడ కూడా విడిగా లెక్క కట్టి సరే అన్నాకే సెలైన్‌లో కలిపి, పంపు మీద ఇరవై నిమిషాల పాటు ఎక్కించాం. తొందరపడితే ఊపిరి తగ్గుతుంది, బీపీ పడిపోతుంది.

ఫిట్స్‌కి ఈ మందు వాడటం మొదలైంది 1912లో. మా నాయనమ్మ కూడా అప్పటికి పుట్టలేదు. పెద్దవాళ్ల మూర్ఛకు ఆ తర్వాత ఎన్ని మందులొచ్చాయో! పసిబిడ్డల దగ్గరికొచ్చేసరికి ఇప్పటికీ మొదట చేతికి తీసుకునేది ఇదే. ఎందుకిలా అని నర్సింగ్‌లో చేరిన కొత్తలో అడిగితే ఎవరూ వివరంగా చెప్పలేదు. చాలా ఏళ్ల తర్వాత నేనే చదివి తెలుసుకున్నాను.

మన మెదడులో గాబా అనే రసాయనం బ్రేకులా పనిచేస్తుంది. గార్డినాల్ ఆ బ్రేకును ఇంకా గట్టిగా పడేలా చేస్తుంది. అప్పుడే పుట్టిన బిడ్డ నాడీకణాల్లో మాత్రం క్లోరైడ్ ఎక్కువగా ఉంటుంది. దానివల్ల గాబా కొన్ని కణాలను ఆపడానికి బదులు ఎగదోస్తుంది. ఆ క్లోరైడ్‌ను కణం లోపలికి తెచ్చే పంపును బ్యూమెటనైడ్ అనే మందు అడ్డుకుంటుంది. వాపు తగ్గడానికి, ఒంట్లో నీరు తీయడానికి ఎప్పటి నుంచో వాడుతున్న మందే. ఎలుక పిల్లల్లో ఫలితం కనిపించడంతో అందరికీ ఆశ కలిగింది. యూరప్‌లో నీమో అనే పరీక్ష మొదలుపెట్టారు. పద్నాలుగు మంది బిడ్డల దగ్గరే ఆపేయాల్సి వచ్చింది. బతికిన పదకొండు మందిలో ముగ్గురికి వినికిడి దెబ్బతింది, ఫిట్స్ కూడా అనుకున్నంతగా తగ్గలేదు. 2015లో ఆ వివరాలన్నీ దాచకుండా ప్రచురించారు. ఆ పద్నాలుగు కుటుంబాలు నాకు తరచూ గుర్తొస్తుంటాయి. వాళ్లు ఒప్పుకోబట్టే కదా తర్వాతి బిడ్డలకు ఆ ప్రమాదం తప్పింది.

ఆ రాత్రి సంగతికి వస్తాను. మందు పూర్తిగా ఎక్కేసరికి పాప కాలు ఆగింది, పెదాలు ఆగాయి. బయట కూర్చున్న అమ్మమ్మ అద్దంలోంచి చూసి చేతులు జోడించింది. నా కళ్లు మాత్రం పాప తలకు పెట్టిన ఈఈజీ తెర మీద ఉన్నాయి. మెదడులోని విద్యుత్తును అలలుగా చూపించే యంత్రం అది. అక్కడ అలలు ఇంకా ఎగుడుదిగుడుగా, రంపపు పళ్లలా వరసగా వస్తూనే ఉన్నాయి. ఒళ్లు ఆగినా మెదడులో ఫిట్స్ ఆగలేదు.

ఇంతకుముందు నేను పనిచేసిన చోట ఈఈజీ లేదు. కాలు ఆగితే ఆగినట్టే. "ఆగిపోయాయమ్మా, భయం లేదు" అని ఎంతమంది తల్లులకు చెప్పానో. అప్పుడు తెలిసింది అంతే, మాకున్న సదుపాయమూ అంతే. అయినా ఆ మాట తల్చుకుంటే ఇప్పటికీ గుండె పట్టేసినట్టు ఉంటుంది.

అందుకే పసిబిడ్డల ఫిట్స్ మందును కంటితో చూసి అంచనా వేయకూడదని నా గట్టి నమ్మకం. 1999లో అమెరికాలో 59 మంది బిడ్డలకు ఈఈజీ పెట్టి గార్డినాల్‌ను, ఫెనిటోయిన్ అనే మరో ఫిట్స్ మందును పోల్చి చూశారు. రెండూ సగం మందికి కూడా పనిచేయలేదు. ఏ మందు ఇచ్చారన్న దానికంటే, అప్పటికి ఫిట్స్ ఎంత తీవ్రంగా ఉన్నాయన్నదే ఫలితాన్ని ఎక్కువగా తేల్చింది. ఆ సంగతి చదివాక కాలు ఎగరగానే గడియారం చూడటం నాకింకా ఎక్కువైంది.

తర్వాత లెవిటిరాసిటమ్ అనే ఇంకో ఫిట్స్ మందు వచ్చింది. గార్డినాల్ వల్ల ఎలుక పిల్లల మెదడు కణాలు చనిపోయాయని తెలిశాక చాలామంది డాక్టర్లు దీనివైపు మొగ్గారు. నాకూ ఇదే మంచిదనిపించేది, బిడ్డ మత్తుగా పడి ఉండదు కదా. 2020లో ఈ రెండు మందులనూ పసిబిడ్డల్లో పోల్చిన నియోలెవ్2 అనే పరీక్ష ఫలితాలు వచ్చాయి. ఇరవై నాలుగు గంటల పాటు ఫిట్స్ రాకుండా ఉన్నది గార్డినాల్‌తో 80 శాతం, లెవిటిరాసిటమ్‌తో 28 శాతం. గార్డినాల్‌తో దుష్ప్రభావాలు కాస్త ఎక్కువగా కనిపించాయి. అయినా అంత తేడానా! మా యూనిట్‌లో ఆ కాగితం చేతులు మారుతూ నలిగిపోయింది.

2022 నవంబరులో అమెరికాలో మందులకు అనుమతినిచ్చే ఎఫ్‌డీఏ పసిబిడ్డల ఫిట్స్ కోసమని తొలిసారి ఒక మందును ఆమోదించింది. సెజబీ. ఉన్నది అదే ఫినోబార్బిటాల్, అంటే మా గార్డినాలే. తయారుచేసింది మన దేశపు సన్ ఫార్మా అడ్వాన్స్‌డ్ రీసెర్చ్ కంపెనీ. కొత్తదనమంతా సీసాలో ఉంది. పొడి రూపంలో ఇస్తారు, మందు పాడవకుండా, కరిగి ఉండేలా ఇంజెక్షన్లలో కలిపే బెంజైల్ ఆల్కహాల్, ప్రొపిలీన్ గ్లైకాల్ కలపరు. బెంజైల్ ఆల్కహాల్ వల్ల నెలలు నిండని బిడ్డలు ఊపిరాడక చనిపోతున్నారని అమెరికాలో 1982లోనే హెచ్చరించారు. అది లేని ఫిట్స్ ఇంజెక్షన్ పసివాళ్ల పేరు మీద ఆమోదం పొందడానికి నలభై ఏళ్లు పట్టింది. ఇది నాకు మింగుడుపడదు. వీళ్లు తక్కువమంది, నోరు లేనివాళ్లు. వీళ్ల మందుతో పెద్ద వ్యాపారమూ జరగదు.

పరీక్షలు చేయడమూ తేలిక కాదు. తల్లి ఇంకా వేరే ఆసుపత్రిలో కుట్లతో పడుకుని ఉంటుంది, తండ్రి బిల్లింగ్ కౌంటర్ దగ్గర ఉంటాడు. అలాంటి గంటలో సంతకం అడగాలి. అడిగేవాళ్లు కుర్చీ లాక్కుని పక్కన కూర్చుని, వాళ్లకు అర్థమయ్యే తెలుగులో చెప్పాలి.

మా పాపకు ఆ రాత్రి రెండో డోసు ఇచ్చాం. తెల్లారుజామున నాలుగింటికి తెర మీద అలలు సద్దుమణిగాయి. ఆ రోజంతా మళ్లీ రాలేదు.

పదకొండో రోజు డిశ్చార్జ్. కాగితాలు ఇస్తుంటే అమ్మమ్మ సంచీ తెరిచి చూసుకుని, "మందు సీసా ఇవ్వలేదేంటి సిస్టరమ్మా? మా పక్కింటి పిల్లాడికి రెండేళ్లు పోయించారు" అంది. ఇంటికి పంపేముందే మందు ఆపేసిన పిల్లలకీ, కొనసాగించిన పిల్లలకీ రెండేళ్ల వయసులో ఎదుగుదలలో, మూర్ఛలో తేడా లేదని 2021లో అమెరికాలో 303 మంది పిల్లల మీద చేసిన అధ్యయనంలో తేలింది. ఆవిడకు అంత చెప్పలేదు. "పాపకు ఇక అవసరం లేదని పరీక్ష చేశాకే ఆపారు పెద్దమ్మా" అన్నాను. తర్వాత పాప తల్లిని పిలిచి ఫోన్ తీయమన్నాను. కాలో చెయ్యో ఎగిరితే ముందు మెల్లగా పట్టుకుని చూడమని, అప్పటికీ ఆగకపోతే ముఖం, కాళ్లు, చేతులు అన్నీ కనపడేలా వీడియో తీస్తూనే బయల్దేరి వచ్చేయమని చెప్పి, పాప కాలు ఆవిడ చేతిలో పెట్టి ఎలా పట్టుకోవాలో చూపించాను. పాప నిద్రలోనే కాలు వెనక్కి లాక్కుంది.