ఏ దశలో అవసరమో ముందే చూసుకోవాల్సింది

ఎమ్మెస్సీ ఆఖరి సెమిస్టర్‌లో, మలేరియా పరాన్నజీవిలో మందు దేన్ని అడ్డుకోవాలో కంప్యూటర్‌తో వెతికే ప్రాజెక్టు చేస్తానంటే మా గైడ్ మేడమ్ ఎందుకని అడిగారు. మాది సీతంపేట కొండల కింద ఊరు. (ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లింది గానీ, మా నోట ఇంకా శ్రీకాకుళమే వస్తుంది.) నేను ఎనిమిదో తరగతిలో ఉండగా నాన్నకి చలిజ్వరం పట్టింది. రోజు విడిచి రోజు వణుకు. రక్తం తీసి స్లైడు చూసి వైవాక్స్ రకం మలేరియా అన్నారు. క్లోరోక్విన్ 3 రోజులు, ప్రైమాక్విన్ 14 రోజులు వాడమన్నారు. జ్వరం తగ్గగానే నాన్న మందు మానేశాడు. కాలేయంలో నిద్రపోతున్న పరాన్నజీవి కొన్ని నెలలకి మళ్లీ లేచింది. "ఆ పురుగుకి మందే లేదేటి?" అని నాయనమ్మ ఏడ్చింది. మేడమ్‌కి ఇదే చెప్పాను.

సమాచారం ఎక్కువ దొరుకుతుందని వైవాక్స్ బదులు ఫాల్సిపారమ్ అనే మరో రకం మలేరియా పరాన్నజీవిని తీసుకున్నాను. దాని జీనోమ్ (మొత్తం జన్యు సమాచారం) 2002లోనే వచ్చింది. 14 క్రోమోజోములు, సుమారు 5,300 జన్యువులు. ప్లాస్మోడీబీ అనే ఆన్‌లైన్ డేటాబేస్‌లో అన్నీ నాకు ఉచితంగా దొరికాయి. పరాన్నజీవిలో ఉండి మనిషిలో లేని ప్రోటీన్లను ఏరాలి. అలాంటిదాన్ని మందుతో అడ్డుకుంటే రోగికి హాని తక్కువని ఆశ. ఎచ్చెర్లలో అద్దె రూమ్‌లో కూర్చుని, ప్రోటీన్ల వరుసల్ని సరిచూసే బ్లాస్ట్ అనే ప్రోగ్రామ్‌తో పోల్చాను. రెండు రాత్రులు కరెంటు పోయి మొదటి నుంచీ చేయాల్సి వచ్చింది.

జాబితాలో ఫాబ్‌ఐ అనే ఎంజైమ్ కనపడగానే ఎగిరి గంతేశాను. ఇది అపికోప్లాస్ట్‌లో కొవ్వు ఆమ్లాలు తయారయ్యే వరుసలోది. ఎప్పుడో ఎర్ర నాచు జాతి నుంచి పరాన్నజీవికి వచ్చిన చిన్న భాగమే అపికోప్లాస్ట్. సబ్బుల్లో వాడిన ట్రైక్లోసాన్ ఫాబ్‌ఐని అడ్డుకుని మలేరియాని ఆపుతుందని 2001లో బెంగళూరు శాస్త్రవేత్తలు రాశారు. ఇంకేం కావాలి అనుకుని మూడు వారాలు డాకింగ్ (ఏ అణువు ఎంజైమ్‌కి ఎలా అతుక్కుంటుందో కంప్యూటర్‌లో చూడటం) చేశాను.

మేడమ్ ఒక్కటే అడిగారు: "రక్తంలో ఉన్నప్పుడు దానికిది అవసరమామ్మా?"

నా దగ్గర జవాబు లేదు. పరాన్నజీవి మనిషిలో ముందు కాలేయంలో, తర్వాత రక్తంలో పెరుగుతుంది; జ్వరం తెచ్చేది రక్త దశే. ఆ రాత్రి వెతికితే, ఫాబ్‌ఐని తీసేసినా రక్త దశలో పరాన్నజీవి పెరుగుతూనే ఉందని 2008 నాటి ప్రయోగాలు చెబుతున్నాయి. ఎలుకల మలేరియాలో దాని అవసరం కాలేయ దశ చివర్లో కనిపించిందట. నాన్న జ్వరాన్ని చూసిన నాకే దశ సంగతి తట్టలేదని చాలా బాధేసింది. గడువు దగ్గరపడుతోంది, టెన్షన్‌తో రెండు రోజులు అన్నం సహించలేదు.

తర్వాత దారి మార్చాను. 2018లో ఫాల్సిపారమ్ మీద 38,000కు పైగా మ్యుటెంట్లు (జన్యువుల్లో మార్పు చేసిన పరాన్నజీవులు) తయారుచేసి, రక్త దశ పెరుగుదలకి 2,680 జన్యువులు అవసరమని తేల్చారు. నా జాబితాని ముందు దానితో సరిచూశాను. చాలా పేర్లు పోయాయి. మిగిలినవాటిలో డీఎక్స్‌ఆర్ అనే ఎంజైమ్ నన్ను పట్టేసింది. ఇది అపికోప్లాస్ట్‌లో ఐసోప్రెనాయిడ్ల (పరాన్నజీవి బతకడానికి కావాల్సిన ఒక రకం అణువుల) తయారీలో ఒక మెట్టు. మనిషి వాటిని వేరే దారిలో చేసుకుంటాడు. 2011 నాటి ప్రయోగం ఒకటి చదివి ఆ రోజంతా దాని గురించే ఆలోచించాను: ఐసోప్రెనాయిడ్ ముడిసరుకుని బయట నుంచి అందిస్తే, అపికోప్లాస్ట్ మొత్తం పోయినా రక్త దశలో పరాన్నజీవి బతికింది. అంటే అక్కడ ఆ భాగంతో దానికి ఉన్న అసలు పని ఇదొక్కటే!

వైవాలో (మౌఖిక పరీక్షలో) బయటి నుంచి వచ్చిన సార్, "డీఎక్స్‌ఆర్‌ని ఆపే ఫాస్మిడోమైసిన్ ఒంట్లో నిలవదు కదా?" అన్నారు. నిజమే సార్, తొందరగా బయటికి పోతుంది, ఒక్కదాన్నే వాడితే కొందరిలో జ్వరం తిరగబెట్టింది, అందుకే అదే ఎంజైమ్‌కి అతుక్కుని ఎక్కువసేపు నిలిచే అణువు కావాలి అన్నాను. రిపోర్టులో పట్టిక తెరిచి చూపించాను. ప్రోటీన్ పేరు కంటే ముందు గడిలో 'ఏ దశ' అని ఉంది.