వంటవాళ్ల ఎదురుగా కూర్చుని తిన్న రాత్రి

మాది కాకినాడలో చిన్న టిఫిన్ హోటల్. పందొమ్మిదేళ్లుగా నడుపుతున్నాం. నేను లోపల పొయ్యి దగ్గర, మా ఆయన బయట కౌంటర్ దగ్గర. ఇద్దరం కలిసి కూర్చుని రాత్రి భోజనం చేసిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. పోయిన నవంబరులో హోటల్‌ని మా మరిదికి అప్పజెప్పి, పదిరోజులు జపాన్‌లోని ఒసాకాలో మా అమ్మాయి దగ్గర ఉండొచ్చాం. తను అక్కడ ఉద్యోగం చేస్తోంది.

రెండోరోజు తనకి ఆఫీసులో ఆలస్యమైంది. మేమిద్దరమే అలా నడుచుకుంటూ వెళ్లాం. ఒక సందులో చిన్న కొట్టు, గుమ్మానికి నీలం గుడ్డ తెర, లోపలినుంచి చేపలు కాలుతున్న వాసన. తెర పక్కకి తీసి తల లోపలికి పెట్టామో లేదో, లోపలున్న ఆయన రెండు చేతులూ ఒకదానిమీద ఒకటి అడ్డంగా పెట్టి చూపించాడు. వద్దు, వెళ్లమని. ఇంకేం మాట్లాడలేదు. మేము సూపర్ మార్కెట్‌లో అన్నం ముద్దలు కొనుక్కుని ఇంటికి వచ్చేశాం. నాకు చాలా బాధేసింది. ఆకలితో మా గుమ్మం దాకా వచ్చిన మనిషిని నేనెప్పుడూ అలా పంపలేదు.

అమ్మాయికి చెబితే ఏమీ అనకుండా విని, మర్నాడు సాయంత్రానికి మా ఇద్దరికీ టూర్ బుక్ చేసింది. ఒక గైడ్ మనల్ని వెంటబెట్టుకుని రాత్రిపూట చిన్న చిన్న కొట్లకి తీసుకెళ్లి తినిపించి, తాగిస్తుందట. మనిషికి 12,000 యెన్‌లు. మన డబ్బుల్లో ఏడువేల దాకా! అంత డబ్బు పెట్టి తినడమేంటని గొడవపడ్డాను. "అమ్మా, తిండి కోసం కాదు. అక్కడ వండేవాళ్లు నీ ఎదురుగానే వండుతారు, చూస్తావని" అంది. ఆ మాట విన్నాక ఇంకేం అనలేకపోయాను.

సాయంత్రం ఐదున్నరకి దోబుత్సుయెన్-మాయె అనే మెట్రో స్టేషన్ బయట కలుసుకున్నాం. అప్పటికే చీకటి పడిపోయింది. మేమిద్దరం, ఆస్ట్రేలియా దంపతులు, కెనడా నుంచి ఒంటరిగా వచ్చిన ఒక అమ్మాయి. అంతే, ఐదుగురం. గైడ్‌కి నలభై ఏళ్లుంటాయి, ఒసాకాలోనే పుట్టి పెరిగిందట. ఇంగ్లీషు నెమ్మదిగా, ఒక్కో మాటా విడివిడిగా పలుకుతుంది. నాకు అదే కావాలి. అర్థం కాకపోతే ఎలా అన్న టెన్షన్ పది నిమిషాల్లో పోయింది.

ఆ పేటని షిన్‌సెకాయి అంటారు, కొత్త లోకం అని అర్థం. మధ్యలో త్సూతెన్‌కాకు అనే ఇనుప గోపురం ఉంది. మొదట కట్టింది 1912లో, పారిస్ ఈఫిల్ టవర్‌ని చూసి. 1943లో మంటల్లో దెబ్బతింటే విప్పేసి ఆ ఇనుము యుద్ధానికి ఇచ్చేశారట. ఇప్పుడున్నది 1956లో కట్టింది. శిఖరం మీద వెలిగే దీపం రంగుని బట్టి రేపటి వాతావరణం చెప్పొచ్చు. తెలుపైతే ఎండ, నారింజ అయితే మబ్బు, నీలమైతే వాన. ఆ రాత్రి నారింజ వెలుగుతోంది. రేపు గొడుగు పట్టుకెళ్లాలా వద్దా అని ఊరంతా తలెత్తి చూసుకునే దీపం ఒకటి ఉండటం నాకు భలే నచ్చింది.

మొదటి కొట్టు కుషికాత్సుది. వెదురు పుల్లకి గుచ్చి, పిండిలో ముంచి, సన్నటి బ్రెడ్ పొడి అద్ది నూనెలో వేయించేవి. గుచ్చడం మినహా మన బజ్జీలకి దగ్గర చుట్టాలే. మేము కూర్చున్న బల్లకి అవతల రెండడుగుల దూరంలో నూనె మూకుడు. ఇక్కడ గైడ్ చెప్పిన విషయం ఒకటి, మనవాళ్లు ఎవరైనా వెళితే గుర్తుపెట్టుకోవాలి. మనం కూరగాయల పుల్లలే అడిగినా, చాలా కొట్లలో వేయించేది గొడ్డు కొవ్వులోనో పంది కొవ్వులోనో. మేము గొడ్డు మాంసం తినమని అమ్మాయి ముందే రాసిపెట్టింది కాబట్టి, మొక్కల నూనె వాడే కొట్టు చూసి తీసుకొచ్చిందట. "మీరు అడక్కపోతే వాళ్లు చెప్పరు, ఎందుకంటే వాళ్లకి అది దాచే విషయం కాదు" అంది. నేనైతే పుల్లకి గుచ్చిన ఉల్లిపాయని చూసి నిశ్చింతగా తినేసేదాన్ని.

బల్ల మీద స్టీలు గిన్నెలో పల్చటి నల్ల సాస్ ఉంది. అది అందరికీ కలిపి ఒక్కటే. గోడ మీద పెద్ద అక్షరాల్లో ఏదో రాసి ఉంది. సాస్‌లో రెండోసారి ముంచకూడదని దాని అర్థమట. ఆస్ట్రేలియా ఆయన ఎందుకని అడిగితే గైడ్ వివరంగా చెబుతోంది. మా ఆయన నా వైపు వంగి "ఎంగిలి" అన్నారు. అంతే, ఒక్క మాటలో అయిపోయింది. కొరికిన పుల్లకి ఇంకా సాస్ కావాలంటే, పక్కన ఊరికే ఇచ్చే క్యాబేజీ ఆకుతో తీసి పైన పోసుకోవాలి. కరోనా తర్వాత చాలా కొట్లు గిన్నెలు తీసేసి సీసాలు పెట్టేశాయట, ఇక్కడ మాత్రం గిన్నె ఉంచారు.

తామరదుంప, గుమ్మడి, రొయ్య, కౌజుపిట్ట గుడ్డు తిన్నాం. అన్నిటికంటే నాకు నచ్చింది ఎర్ర అల్లం. ఉప్పులో, పుల్లటి రసంలో ఊరబెట్టిన అల్లాన్ని వెడల్పుగా కోసి అలాగే వేయించారు. అల్లం బజ్జీ! కొరకగానే ఘాటు, పులుపు, కరకర ఒకేసారి తగిలాయి. నా చూపు మాత్రం వంటాయన చేతుల మీదే ఉంది. పిండి మన శనగపిండి కంటే చాలా పల్చగా ఉంది. అందులో తురిమిన దుంప కలుపుతారని గైడ్ చెప్పింది, అందుకే పై పొర అంత తేలిగ్గా వస్తుంది. ఆయన ఒక వాయి తీయగానే మూకుడులో తేలే తునకలన్నీ ఏరేస్తున్నాడు. ఆ తునకలు మాడితేనే నూనె నల్లబడేది. నేను మా కుర్రాళ్లకి రోజూ చెప్పే మాటే ఇది.

మా ఆయన బీరు తీసుకున్నారు, నేను ఊలాంగ్ టీ. తాగే టూర్‌కి వచ్చి టీ అడుగుతున్నానని మొహమాటపడ్డాను కానీ, గైడ్ కూడా టీనే తెప్పించుకుంది. అందరం గ్లాసులు ఎత్తి "కాంపాయి" అన్నాం.

అక్కణ్ణించి జాన్‌జాన్ యోకోచో అనే సన్నటి సందులో నడిచాం. పూర్వం కొట్లలో షామిసెన్ అనే మూడు తీగల వాద్యం మోగించి జనాన్ని పిలిచేవారట, ఆ జాన్ జాన్ చప్పుడే సందుకి పేరైంది. సందు చివర తాకోయాకి అనే ఆక్టోపస్ ఉండలు వేసే బండి లాంటి కొట్టు ఉంది. పెనం చూడగానే నేను ఆగిపోయాను. మా గుంట పునుగుల పెనమే! మీలో కొందరు గుంత పొంగనాలంటారు. గుంటలు మాత్రం ఇంకొంచెం లోతు, పెనం మనదానికి నాలుగింతలు.

చేసే పద్ధతి వేరు. పిండి గుంటలో ఆపరు, పెనమంతా పొంగిపొర్లేలా పోసేస్తారు. చారులా పల్చటి పిండి, నీళ్లకి బదులు చేప, సముద్రపు నాచు ఉడికించిన రసంతో కలిపింది. ఒక్కో గుంటలో ఒక ఆక్టోపస్ ముక్క, ఉల్లికాడ, ఎర్ర అల్లం, బూందీ చూర లాంటి వేయించిన పిండి పలుకులు. అడుగు గట్టిపడగానే పదునైన ఇనుప పుల్లతో గుంటల మధ్య గీతలు గీసి, పైకి పొర్లిన పిండిని లోపలికి కుక్కి, ముందు సగం తిప్పుతారు. లోపలి పిండి జారి మిగతా సగం నిండాక పూర్తిగా తిప్పుతారు. మనం గరిటె కాడతో ఒక్కసారే బోర్లిస్తాం, అందుకే మనది అడుగున గుండ్రంగా, పైన చదునుగా వస్తుంది. వాళ్లది బంతి. 1935లో ఒసాకాలోనే ఒక కొట్టాయన మొదలుపెట్టాడట. అంతకుముందు మాంసం ముక్క వేసేవాడు, పక్క ఊరు ఆకాషిలో ఆక్టోపస్ వేస్తారని విని మార్చాడు.

నేను కదలకుండా చూస్తుంటే గైడ్ వచ్చి ఏమైందని అడిగింది. ఫోన్లో మా హోటల్ పెనం ఫోటో చూపించాను. ఆవిడ దాన్ని కొట్టావిడకి చూపించింది. అరవై దాటిన మనిషి, తలకి తెల్ల గుడ్డ కట్టుకుంది. ఫోటోని దగ్గరగా పెట్టుకుని చూసి, నవ్వి, ఇనుప పుల్ల నా చేతికిచ్చి ఒక వరస చూపించింది. మొదటివి రెండు చిరిగిపోయాయి. నా మణికట్టు పట్టుకుని పుల్లని వాల్చి, కిందనుంచి కాకుండా పక్కనుంచి తిప్పమని చేత్తోనే చెప్పింది. మూడోది తిరిగింది. ఆవిడ "ఊ" అంది, మా అమ్మ అన్నట్టే. ఆ రోజుకి నా ఏడువేలు అక్కడే వసూలైపోయాయి.

తర్వాత మెట్రోలో రెండు స్టేషన్లు ఎక్కి నాంబా వెళ్లాం. హోజెంజి గుడి పక్కన రాళ్లు పరిచిన సన్నటి సందు. గుళ్లో దేవుడి ఒళ్లంతా పచ్చటి నాచు. వచ్చినవాళ్లంతా చెంబుతో నీళ్లు పోసి దండం పెట్టుకుంటారు, ఆ తడికి నాచు పట్టేసింది. ఫుదో అంటారు ఆయన్ని. సంస్కృతంలో అచలుడు, మన దేశం నుంచి బౌద్ధంతో వెళ్లిన దేవుడే. మా ఆయన చెప్పులు విప్పబోతే గైడ్ అక్కర్లేదంది. ఇద్దరం చెరో చెంబు పోశాం.

ఆఖరి కొట్టుకి ఏడు స్టూళ్లు, అంతే. తెర బయట మమ్మల్ని ఆపి గైడ్ ముందు తను ఒక్కతే తల లోపలికి పెట్టి, ఆరు వేళ్లు చూపించి, ఏదో మాట్లాడి వచ్చింది. అప్పుడు మా నిన్నటి సంగతి చెప్పాను. చేతులు అడ్డంగా పెట్టడం ఇక్కడ "కుదరదు" అనే సైగేనట, కసురుకోవడం కాదట. సీట్లు నిండి ఉండొచ్చు, సరుకు అయిపోయి ఉండొచ్చు, మీ భాష రాక మీకు సరిగ్గా పెట్టలేనని భయపడి ఉండొచ్చు అంది. తెర కట్టి ఉంటే కొట్టు తెరిచినట్టు, లోపల పెట్టేస్తే మూసినట్టు. కూర్చోగానే అడగకుండా ఒక చిన్న గిన్నె కూర పెడతారు, దానికీ బిల్లులో డబ్బులుంటాయి, కూర్చున్నందుకు తీసుకునేదనుకోండి. ఇవన్నీ తెలియక గొడవపడేవాళ్లు చాలామందట. ఈ దేశంలో టిప్పు ఇవ్వరని కూడా అప్పుడే తెలిసింది.

అక్కడ తిన్నది దాషిమాకి అనే గుడ్డు చుట్ట. చదరపు రాగి పెనంలో గిలక్కొట్టిన గుడ్డు కొంచెం పోసి, చుట్టి, పక్కకి జరిపి, మళ్లీ పోసి, మళ్లీ చుట్టి. గుడ్డులో దాషి రసం ఎంత కలిపారంటే చుట్ట నిలవడమే ఆశ్చర్యం. అట్లు వేసే నాకు ఆ చెయ్యి విలువ తెలుసు. ఆ రసం ఏంటని పదే పదే అడుగుతుంటే, వంటాయన విడిగా చిన్న కప్పులో పోసిచ్చాడు. కొంబు అనే సముద్రపు నాచు, ఎండబెట్టిన చేప తురుము, అంతే. ఆ నాచు ఉత్తరాన హొక్కైదో నుంచి ఓడల మీద ఒసాకాకి వచ్చేదట, అందుకే ఈ ఊరి వంటకి అదే పునాది. 1908లో ఇకెదా అనే ప్రొఫెసర్ ఆ నాచులోంచే రుచికి కారణమైన పదార్థాన్ని విడదీశాడు. మర్నాటి ఏడాది నుంచి దాన్ని అమ్మడం మొదలుపెట్టారు. పేరు అజినమోటో! మా వీధి చివర నూడుల్స్ బండి మీద చెంచాలతో వేసేదే. నేను నా వంటింట్లోకి రానివ్వని ఆ తెల్ల పొడి పుట్టిల్లు ఈ కప్పులో రసమని తెలిసి రెండోసారి ఇంకా నెమ్మదిగా తాగాను.

అక్కడ ఎవరి గ్లాసు వాళ్లు నింపుకోకూడదు, పక్కవాళ్లు పొయ్యాలి. మా ఆయన నా గ్లాసులో టీ పోశారు, నేను ఆయన గ్లాసులో బీరు పోశాను. పందొమ్మిదేళ్లలో ఇద్దరికీ ఇంకెవరో వండిపెడుతుంటే పక్కపక్కన కూర్చోవడం ఎన్నిసార్లు జరిగిందో ఆయనే అడిగారు. నేను లెక్కపెడుతుండగానే ముల్లంగి ముక్క వచ్చింది.

మర్నాడు దీపం చెప్పినట్టే మబ్బు. నాంబా దగ్గర దోగుయాసుజి అని హోటల్ సామాన్ల వీధి ఉంది. మూకుళ్లు, కత్తులు, గుమ్మం తెరలు, అన్నీ అక్కడే దొరుకుతాయి. తాకోయాకి పుల్లలు రెండు కొన్నాను. పెనం కూడా చూశాను కానీ బరువని అమ్మాయి వద్దంది.

ఇప్పుడు మా హోటల్లో సాయంత్రం పూట గుంట పునుగుల పొయ్యిని వంటింట్లోంచి తెచ్చి ముందు వరండాలో పెట్టించాను. ముందు ఒక బల్ల, నాలుగు స్టూళ్లు. పిండి కొంచెం పల్చన చేసి, ఆ పుల్లతో రెండు విడతలుగా తిప్పుతున్నాను. బంతిలా వస్తున్నాయి, రోజుకి పదో పన్నెండో చిరుగుతున్నాయి. మొన్న ఒక కాలేజీ కుర్రాడు మొదటిది నోట్లో పెట్టుకుని కాలిందని నోరు తెరిచి ఊదుకుంటుంటే మంచినీళ్లు ఇచ్చాను. అల్లప్పచ్చడి మూడుసార్లు వేయించుకున్నాడు.