సముద్రం ఎదురుగా ఫ్లాటు, గడియలకి ఉప్పు తుప్పు

బుకింగ్ యాప్‌లో ఫొటోలన్నీ బాల్కనీవే. బాత్రూం ఫొటో ఒక్కటీ లేదు. చూపించని గది గురించే ముందుగా అడగాలి. అడిగితే ఓనర్లు మామూలుగా పంపిస్తారు.

మేం దిగింది ఐదో అంతస్తులో, అలలకి సూటిగా ఎదురు. తాళంచెవి లోపలికి దూరింది గాని తిరగలేదు. ఉప్పుగాలికి తాళం లోపలి పిన్నులు తుప్పుపట్టి బిగుసుకుంటాయి. బలం చూపిస్తే చెవి విరిగి లోపలే ఉండిపోతుంది. వంటనూనె పోస్తే ఆ పూటకి కదులుతుంది, తర్వాత జిడ్డుకి ఇసుక పట్టి ఇంకా మొరాయిస్తుంది. పెన్సిల్ ముల్లుని చెవి పళ్లకి బాగా రుద్ది, పదిసార్లు లోపలికీ బయటికీ ఆడిస్తే తిరిగింది.

సంచులు విప్పకముందే ఫోన్లో వీడియో తీసుకోవాలి. గోడమీద చెమ్మ మరకలు, అద్దం అంచున నల్లగా తినేసిన చోటు, సోఫా మీద పాత మరక అన్నీ అందులో పడాలి. డిపాజిట్ దగ్గర గొడవలు వచ్చేది వీటితోనే.

అసలు తలనొప్పి ఏసీ. పద్దెనిమిదిలో పెట్టినా గది చల్లబడలేదు. అవుట్‌డోర్ యూనిట్‌ని సముద్రం వైపు బిగించారు. దాని అల్యూమినియం రేకులకి ఉప్పు పేరుకుని, పొడిపొడిగా రాలుతున్నాయి. రేకులు తినేస్తే వేడి బయటికి పోదు, కంప్రెసర్ ఎంత తిరిగినా ఫలితం అంతే. దాన్ని మంచినీళ్లతో కడిగించడం ఓనరు పని, కబురు చెప్పి ఊరుకోవాలి. మన చేతిలో ఉన్నది లోపలి ఫిల్టర్. స్విచ్ కట్టేసి, ముందు మూత పైకెత్తి, జాలీ లాగి, కుళాయి కింద కడిగి, నీడలో ఆరాక పెట్టేయాలి. లోపలి యూనిట్ నుంచి గోడమీదకి నీళ్లు కారుతుంటే చాలాసార్లు డ్రెయిన్ పైపులో పాచి అడ్డుపడినట్టే.

ఫిల్టర్ కడిగాక కొంత తేడా కనిపించింది. బాల్కనీ తలుపు తెరిచి ఏసీ వేసుకునే సరదా మాత్రం వదులుకోవాల్సిందే. సముద్రపు గాలిలో తేమ ఎక్కువ. ఏసీ శక్తిలో చాలా భాగం ఆ నీటిని పిండడానికే పోతుంది. పడుకునే గంట ముందు తలుపులు మూసి డ్రై మోడ్‌లో పెడితే దుప్పట్ల చెమ్మ తగ్గుతుంది.

తువ్వాళ్లు ఆరకపోవడానికి కారణం వేరే. మామూలు ఉప్పు గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే నీటిని పీల్చుకుంటుంది. సముద్రపు ఉప్పులో ఉండే మెగ్నీషియం క్లోరైడ్‌కి అంత కూడా అక్కర్లేదు, 33 శాతం దగ్గరే తడిసిపోతుంది. అంటే సముద్రంలో తడిసిన బట్టని ఉత్తినే ఆరేస్తే ఎండలో ఆరినట్టే ఉండి, చీకటిపడేసరికి మళ్లీ జిడ్డు. మంచినీళ్లలో రెండుసార్లు జాడించి, గట్టిగా పిండి, లోపల ఫ్యాను కింద ఆరేయాలి. ఇసుకకి మాత్రం నీళ్లు పనికిరావు. ఆరనిచ్చి దులిపితే దానంతటదే రాలుతుంది. తడిగా కడిగితే బాత్రూం జాలీ కింద జుట్టుతో కలిసి గట్టిపడి నీళ్లు నిలబెడుతుంది.

గీజర్ పదిహేను లీటర్లది, రెండు కిలోవాట్లది. నీళ్లు ముప్పై డిగ్రీలు వేడెక్కడానికి పావుగంట పైనే పడుతుంది. వరసగా నలుగురు స్నానానికి దిగితే చివరివాళ్లకి చన్నీళ్లే. కుళాయిలో ఉప్పునీళ్లయితే సబ్బు సరిగ్గా నురగ రాదు, హీటరు కడ్డీకి గార కడుతుంది. వంటకి వేరే నీళ్లు ఉన్నాయో లేదో బుకింగ్‌కి ముందే కనుక్కోవాలి.

ఫొటోలో వెడల్పాటి ఇసుక కూడా సగం రోజుదే. ఆటు సమయంలో తీసిన ఫొటో అది. పోటుకి నీళ్లు మెట్ల దాకా వచ్చేశాయి. చాలా తీరాల్లో రోజుకి రెండు పోట్లు, ప్రతిరోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తాయి. అమావాస్య, పౌర్ణమి రోజుల దగ్గర మరీ పైకి. నడక వేళని దాన్నిబట్టి పెట్టుకోవాలి.

క్లీనింగ్ ఫీజు చాలాచోట్ల ఒక రాత్రికైనా వారానికైనా ఒకటే వేస్తారు. రెండు రాత్రులకే దిగితే ఆ ఫీజు కలిపి రోజు ఖర్చు హోటలు గది అద్దెని మించిపోవచ్చు. ఇంత కట్టాక కూడా వెళ్లేముందు చెత్త దించాలి, గిన్నెలు కడగాలి అని తలుపు వెనక కాగితం అంటించి ఉంటుంది. దాన్ని కూడా మొదటిరోజే ఫొటో తీసుకోండి. వెళ్లేరోజు ఏసీ, గీజర్ కట్టేసి, మీటరు రీడింగ్ ఫొటో ఓనరుకి పంపాకే తాళంచెవి ఇవ్వండి.